రోడ్డు లేని ఊళ్ళో నా భార్య ఉద్యోగం: మేం వెళ్ళాలా, తనని రమ్మనాలా?

బెంగళూరు కేఆర్ పురం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దన్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి, మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆయన వయసు 39. సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో 67 ఏళ్ళ తల్లి, రెండో తరగతి చదువుతున్న ఏడేళ్ళ కొడుకు ఉన్నారు. ఆయనకి ఒక అక్క కూడా ఉన్నారు. తల్లికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. భార్య దోమల మీద పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్త. ఆమె పెరూ దేశం వెళ్ళి ఏడాది దాటింది. అక్కడ అమెజాన్ అడవుల మధ్య, నది ఒడ్డున ఉన్న ఇకీతోస్ అనే ఊళ్ళో డెంగీ దోమల మీద రెండేళ్ళ ప్రాజెక్టు. ఆ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు. విమానంలో వెళ్ళాలి, లేదా రోజుల తరబడి పడవలో ప్రయాణించాలి. ఇప్పుడు ప్రాజెక్టువాళ్ళు ఆమెను ఇంకో మూడేళ్ళు ఉండమంటున్నారు. కుటుంబాన్ని తెచ్చుకుంటే ఖర్చులో కొంత భరిస్తామన్నారు. వచ్చే నెలాఖరుకల్లా జవాబు చెప్పాలి.

ఇక ఆయన మాటల్లోనే:

"మేడమ్, తను వెళ్ళేటప్పుడు ధైర్యం చెప్పి పంపింది నేనే. రెండేళ్ళే కదా అనుకున్నాం. పోయిన వేసవి సెలవుల్లో బాబుని తీసుకుని ఐదు వారాలు అక్కడికి వెళ్ళాను. మొదట్లో బాగానే గడిచింది. ఆ నెలల్లో నది నిండుగా ఉంటుంది. బెలేన్ అనే పేటలో ఇళ్ళు దుంగల మీద నీళ్ళలో తేలుతుంటాయి, బడిపిల్లలు కూడా పడవల్లోనే తిరుగుతుంటారు. మావాడు చూసి మురిసిపోయాడు. మూడో వారంలో వాడికి జ్వరం వచ్చింది. ఆ సమయానికి నా భార్య నది ఎగువన పల్లెల్లో పనిమీద ఉంది. ఫోను కలవలేదు. రాత్రికి జ్వరం 103 దాటింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. నాకు స్పానిష్ రాదు. నర్సు అడిగేది నాకు తెలియదు, నేను చెప్పేది ఆమెకి తెలియదు. ఫోనులో అనువాదం పెట్టుకుందామంటే నెట్ ఆగి ఆగి వస్తోంది. బాబు బరువెంతో కాగితం మీద అంకె వేసి చూపించాను. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. తను మర్నాడు సాయంత్రం పడవ దిగి వచ్చింది. బాబు కోలుకున్నాడు. కానీ ఆ రాత్రి తనమీద వచ్చిన కోపం నాకింకా పోలేదు. ఆ సంగతి తనకి చెప్పలేదు. ఆ ఊరు పిల్లలకి మంచిది కాదు అని మాత్రం చెబుతూ వస్తున్నాను. తను వెంటనే ఏవో లెక్కలు చెబుతుంది, డెంగీ బెంగళూరులో లేదా అంటుంది. అక్కడితో మాట ఆగిపోతుంది.

అమ్మ 'ఇంక చాలు, దాన్ని వచ్చేయమను' అంటోంది. 'పెళ్ళాం అడవుల్లో, మొగుడు వంటింట్లో' అని చుట్టాలు అనుకోవడం నా చెవిన పడింది. బాబు మాత్రం అమ్మ ఊరికి మళ్ళీ ఎప్పుడెళ్తాం అని అడుగుతున్నాడు. నేను ఉద్యోగం మానేసి వెళితే అక్కడ ఏం చెయ్యాలి? నాకు ఇక్కడ పద్నాలుగేళ్ళు ఉన్నా కన్నడమే సరిగా రాలేదు. వచ్చేయమని తనకి గట్టిగా చెప్పే హక్కు నాకుందా?"

ముందు ఆ ఆసుపత్రి రాత్రి సంగతి మాట్లాడదాం. ఇకీతోస్ సంగతి తరవాత.

జ్వరంతో కాలిపోతున్న బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది ఒక్క ముక్క అర్థంకాక, బిడ్డ తల్లి ఏ పల్లెలో ఉందో తెలియక మీరు గడిపిన రాత్రి అది. ఎవరికైనా కోపం వస్తుంది. అది తగ్గకపోవడానికి కారణం, మీరు దాన్ని ఆమె ముందు పెట్టకపోవడమే. దాని బదులు 'ఆ ఊరు మంచిది కాదు' అంటున్నారు. ఆమె దోమల శాస్త్రవేత్త. ఊరి ఆరోగ్యం గురించి మీరు ఏ మాటన్నా ఆమె దగ్గర జవాబుంది. 'ఆ రాత్రి నువ్వు లేవు, నేను భయపడ్డాను' అన్న మాటకి మాత్రం ఏ లెక్కలూ జవాబు కావు. ఆ మాట మీరు అనందువల్ల, చెప్పాల్సిన జవాబు ఆమె కూడా చెప్పలేకపోతున్నారు. పడవ దిగి వచ్చిన ఆ తల్లి కూడా ఆ రాత్రిని మోస్తూనే ఉండి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు ఈ మాట జరగాలి. బాబు నిద్ర లేవకముందు, మీ అమ్మగారు పక్కన లేనప్పుడు. మీకు పొద్దున్న ఆరయితే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర, అంటే ఆమె పని ముగించుకుని ఇంట్లో ఉండే వేళ. ఆ కాల్‌లో మూడేళ్ళ ప్రస్తావన తేవద్దు. జరిగింది చెప్పండి, మీకెలా అనిపించిందో చెప్పండి, ఆమె చెప్పేది వినండి. అంతటితో ఆపండి. బేరం, నిర్ణయం ఇంకో రోజు.

ఇప్పుడు ఆ ఊరి ప్రమాదాల గురించి. మీ భయంలో నిజం ఉంది. కానీ మీరు చూపిస్తున్నచోట తక్కువ, చూపించనిచోట ఎక్కువ.

డెంగీని మోసేది ఈడిస్ ఈజిప్టై అనే దోమ. కేఆర్ పురంలో మీ మేడమీది నీళ్ళ డ్రమ్ములో పుట్టేదీ అదే. పగలు కుడుతుంది, మనుషుల మధ్యే బతుకుతుంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా నోటిఫై చేసిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. ఈ విషయంలో మీ భార్య చెప్పింది సరైనదే. అయితే మీ బాబు విషయంలో ఒకటి గమనించాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే దాన్నుంచి రక్షణ ఉంటుంది గానీ, తరవాత ఇంకో రకం సోకితే జబ్బు తీవ్రమయ్యే అవకాశం పెరుగుతుంది. ఇది బెంగళూరులో ఉన్నా అంతే, అక్కడ ఉన్నా అంతే. ఆ ఆసుపత్రి రిపోర్టు జాగ్రత్తగా దాచి మీ పిల్లల డాక్టరుకి చూపించండి. ఇకమీదట ఏ జ్వరం వచ్చినా, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇవ్వొద్దు.

మలేరియా సంగతి వేరు. పెరూలో మలేరియా కేసుల్లో ఎక్కువ భాగం ఇకీతోస్ ఉన్న లొరెటో ప్రాంతంలోనే వస్తాయి. కానీ అది ఊరి నడిబొడ్డున కంటే నది పక్క పల్లెల్లో, అడవి అంచున ఎక్కువ. అక్కడ ఎక్కువగా ఉండే వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తరవాత మళ్ళీ లేస్తుంది. దాన్ని పూర్తిగా పోగొట్టడానికి వాడే ప్రిమాక్విన్ మందు కొందరికి పడదు. జీ6పీడీ అనే రక్తపరీక్ష చేస్తే ఆ సంగతి ముందే తెలుస్తుంది. మీకూ బాబుకీ ఆ పరీక్ష ఇక్కడే చేయించి కాగితం దగ్గర పెట్టుకోవచ్చు. వెళ్ళినా, బాబుని ఎగువ పల్లెలకి సరదాకి తీసుకెళ్ళకూడదని ముందే అనుకోండి.

అసలు ప్రమాదం దూరం. ఇకీతోస్ చిన్న ఊరు కాదు. నాలుగు లక్షలకు పైగా జనం ఉన్న ఊరు, మన కర్నూలు అంత. ఆసుపత్రులు, యూనివర్సిటీ, బ్యాంకులు అన్నీ ఉన్నాయి. ఊరు దాటి వెళ్ళే పెద్ద రోడ్డు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో నౌతా అనే నదీరేవు దగ్గర ఆగిపోతుంది. పెద్ద జబ్బు చేస్తే రెండు గంటల విమానం ఎక్కి రాజధాని లిమా వెళ్ళాలి. కరెంటు కూడా దేశపు గ్రిడ్ నుంచి రాదు, అక్కడే ఇంధనం కాల్చి తయారుచేసుకుంటారు. 2020లో కోవిడ్ మొదటి ఉధృతిలో ఆ ఊళ్ళో ఆక్సిజన్ అయిపోయింది. లారీ వచ్చే దారి లేదు. విమానాల్లో సిలిండర్లు దింపారు, చర్చి ఫాదర్లు పిలుపునిస్తే జనం చందాలు వేసుకుని ఆక్సిజన్ ప్లాంటు కొన్నారు. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. మామూలు రోజుల్లో ఆ ఊరు మామూలుగానే నడుస్తుంది. కష్టం వచ్చినప్పుడు మాత్రం బయటపడే దారి ఒక్కటే. కాబట్టి మీరు ప్రాజెక్టువాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. అత్యవసరమైతే లిమాకి విమానంలో చేర్చే బీమా మీకూ బాబుకీ కూడా వర్తిస్తుందా? కుటుంబం ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె ఎగువకి వెళితే శాటిలైట్ ఫోను ఇస్తారా? రాత్రి ఏ వేళలో పిలిచినా వచ్చి ఆసుపత్రిలో మాట్లాడిపెట్టే మనిషి ఒకరు ఉంటారా? వీటికి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ మూడోది ముందే ఉండుంటే మీ రాత్రి వేరుగా గడిచేది.

దోమల కంటే ఎక్కువగా నాకు మీ గురించి బెంగ కలిగించేది ఇంకొకటుంది. అక్కడ మీరు ఏమవుతారు అన్న మీ ప్రశ్న.

ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు పరాయిదేశస్థుల బతుకు ఒకేలా ఉండదు. మీ భార్యకి ఆ ఊళ్ళో పని ఉంది, తోటివాళ్ళున్నారు, భాష వచ్చింది. పడవల్లో దోమలు పల్లెలకి ఎలా పాకుతున్నాయో చూడటానికి ఆమె వెళితే పడవ నడిపేవాడికీ ఆమె ఎవరో తెలుసు. మీరు వెళితే ఆమె భర్తగా వెళతారు. పొద్దున్న ఆమె వెళ్ళిపోయాక, బాబు బడికి పోయాక, బయట ఎండ, ఉక్క, మధ్యాహ్నం వాన. మాట్లాడటానికి మనిషి లేడు. తిండితో ఇబ్బంది పడరు, అన్నం, అరటికాయ, కర్రపెండలం, చేపలు తినే ఊరది. మనిషిని కుంగదీసేది పని లేకపోవడం, చిన్న పనికీ భార్య మీద ఆధారపడటం. గ్యాస్ సిలిండరు చెప్పాలన్నా ఆమెకే ఫోన్ చెయ్యాలి.

ఇది మనవాళ్ళకి కొత్తది కాదు. అమెరికాలో హెచ్4 వీసా మీద మన తెలుగు ఆడపిల్లలు ఇలాగే బతికారు. ఇంజినీరింగు చదివి, ఇక్కడ మంచి ఉద్యోగం వదులుకుని, భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చున్నవాళ్ళు మీ చుట్టాల్లోనే ఉంటారు. 2015లో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చేదాకా వాళ్ళకి ఆ దారీ లేదు. వాళ్ళని ఎవరూ 'నువ్వు వెళతావా' అని అడగలేదు. పెళ్ళాం భర్త వెంట వెళ్ళడం మామూలే కదా అనుకున్నాం. మిమ్మల్ని మీ భార్య అడుగుతున్నారు. మీ చుట్టాలకి వింతగా కనిపిస్తున్నది అదే. వాళ్ళ మాటని లెక్కలోంచి తీసేయమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. వంటింట్లో ఉండి ఏడేళ్ళ బిడ్డని, షుగరున్న తల్లిని చూసుకుంటున్న మనిషి తలవంచుకోవాల్సిన పని ఏదీ చెయ్యడం లేదు. అయితే ఆ ఆడపిల్లలు పడ్డ ఒంటరితనం నిజం. మగవాడు కాబట్టి మీకది తగలదని అనుకోవద్దు. వాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళకి ఇంటి బయట తమదంటూ రోజూ ఒక పని ఉండేది. మీకూ అలాంటిది ముందే ఆలోచించుకోవాలి.

ఇక్కడి ఉద్యోగాన్నే అక్కడినుంచి చెయ్యొచ్చని మీరు అనుకుంటూ ఉంటే, గడియారం చూడండి. మనకీ పెరూకీ పదిన్నర గంటల తేడా. బెంగళూరు ఆఫీసు ఉదయం తొమ్మిదిన్నర అక్కడ రాత్రి పదకొండు. తెల్లారి ఎనిమిది దాకా రోజూ రాత్రి షిఫ్టు, అదీ కరెంటు, నెట్ నిలకడగా ఉంటే. పగలంతా నిద్రపోయే మనిషి ఊళ్ళో ఎవరితో కలుస్తాడు? పైగా అక్కడ ఏడాదిలో 183 రోజులు దాటితే పన్ను విషయంలో మీరు అక్కడి నివాసి అవుతారు, మీ కంపెనీ దానికి ఒప్పుకోకపోవచ్చు. పూర్తి ఉద్యోగం కాకుండా, పూర్తయ్యాక అప్పజెప్పే తరహా పని కొంత దొరికితే మేలు. జీతం లేని సెలవు ఇస్తారేమో ఇప్పుడే అడగండి, రాజీనామా తరవాతి మాట.

కన్నడ సంగతి మీరే ఎత్తారు కాబట్టి అంటున్నాను. బెంగళూరులో తెలుగువాడు పరాయివాడిగా బతకాల్సిన అవసరమే రాదు. కూరగాయల బండి దగ్గర తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, ఆటోలో కాస్త హిందీ, ఆదివారం హిందూపురం రైలు. నేర్చుకోకుండా పద్నాలుగేళ్ళు గడిచిపోతాయి. మీకు భాషలు రావని దీనర్థం కాదు, అవసరం పడలేదంతే. ఇకీతోస్‌లో ఇంగ్లీషుతో టూరిస్టు హోటల్లో భోజనం దొరుకుతుంది, మందుల షాపులో మాత్రం కష్టం. అందుకే వెళ్ళే ఆలోచన కొంచెం ఉన్నా ఈ నెల నుంచే స్పానిష్ క్లాసులో చేరండి. బాబునీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాడు మీకంటే ముందు నేర్చుకుంటాడు, ఫరవాలేదు. ఆర్నెల్లు శ్రద్ధగా చేసినా క్లాసు మీకు విసుగ్గానే ఉంటే, అక్కడి జీవితం గురించి అది మీకు చాలా చెబుతుంది.

పరాయివాళ్ళు ఆ ఊరికి కొత్త కాదు. 1880ల నుంచి 1912 దాకా రబ్బరు కోసం ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. ఊరి కూడలిలో ఇనప రేకులతో కట్టిన ఇల్లు ఆ కాలానిదే. అదే రబ్బరు కోసం పుతుమాయో నది వెంట అడవి బిడ్డల్ని బానిసల్ని చేసి హింసించి చంపారు. 1912లో బ్రిటిష్ దౌత్యాధికారి రోజర్ కేస్‌మెంట్ నివేదిక బయటికి వచ్చాక ప్రపంచానికి తెలిసింది. తరవాత చమురు కోసం వచ్చారు, ఇప్పుడు అడవి చూడటానికి, మందుమొక్కల కషాయాలు తాగడానికి వస్తున్నారు. అలాంటి ఊళ్ళో మిమ్మల్ని కూడా కొన్నాళ్ళు ఉండి పోయేవాడిగానే చూస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అయితే రబ్బరు రోజుల్లో మొరాకో నుంచి వచ్చిన యూదు వర్తకులు కొందరు అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డారు, వాళ్ళ వంశాలవాళ్ళు చాలాకాలం ఆ ఊరివాళ్ళుగానే బతికారు. మీరు అంతదూరం వెళ్ళక్కర్లేదు. రోజూ బాబుని బడిలో దింపేది మీరే అవ్వండి, ఒకే అంగట్లో కొనండి, బడి మీటింగులకి మీరే వెళ్ళండి. బిడ్డ తండ్రిగా తెలిసిన మనిషిని ఏ ఊరైనా కొంత దగ్గరకి తీస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. అందరూ మూడేళ్ళకి వెళ్ళిపోవడం ఒకటి. దీనికి బడి కాలం ఒక రకంగా కలిసొస్తుంది. పెరూలో బడులు మార్చిలో మొదలై డిసెంబరులో ముగుస్తాయి. ఇక్కడ మార్చిలో రెండో తరగతి అయిపోగానే అక్కడ చేర్చొచ్చు. చదువు స్పానిష్‌లో, మొదటి కొన్ని నెలలు వాడు తరగతిలో మౌనంగా కూర్చుంటాడు. అది చూడటం మీకు కష్టంగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు డిసెంబరు నుంచి జూన్ దాకా ఖాళీ, పైగా పదేళ్ళవాడికి కన్నడ, హిందీ మళ్ళీ మొదటినుంచి. సర్దుకోలేనివి కావు ఇవి. ఈ దారిలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది మీ అమ్మగారు.

ఆమెని వెంట తీసుకెళ్ళడం అయ్యే పని కాదనే నా అభిప్రాయం. పెరూ వెళ్ళడానికి మీరు వేయించుకున్న ఎల్లో ఫీవర్ టీకా 60 దాటినవాళ్ళకి వేయాలంటే డాక్టర్లు జాగ్రత్తగా ఆలోచిస్తారు, ఆ వయసులో దానివల్ల వచ్చే ఇబ్బందులు ఎక్కువ. ఆ టీకా కార్డు లేకుండా అక్కడినుంచి మన దేశంలో దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచొచ్చు. అంటే ఆమె ఇక్కడే ఉండాలి, మీ అక్కగారి దగ్గరో, మీ ఫ్లాట్‌లోనో. అక్కగారిని అడిగారా? ఆవిడ అభిప్రాయం ఉత్తరంలో ఎక్కడా లేదు. తల్లికి ఏదైనా అయితే మీరు చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. దానికి మీరూ మీ అమ్మగారూ సిద్ధమేనా అన్నది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. 'వచ్చేయమను' అని ఆమె అంటున్నది కోడలి మీద కోపంతో కాకపోవచ్చు, తను ఒంటరి అయిపోతానన్న భయంతో కావచ్చు.

ఆమె అక్కడా మీరు ఇక్కడా ఇంకో మూడేళ్ళు అన్నది రెండో దారి. ఉన్నవాటిలో నాకు తక్కువ నచ్చేది ఇది. ఏడు నుంచి పదేళ్ళ మధ్య పిల్లవాడు తల్లిని ఫోనులో చూస్తూ పెరుగుతాడు. మీ కోపం ఇప్పుడున్నట్టే లోపల ఉండిపోతుంది. చాలామంది గల్ఫ్ కుటుంబాలు గతిలేక ఇలా బతుకుతున్నాయి. మీకు వేరే దారులున్నాయి. తప్పనిసరైతే, ఏడాదికి రెండుసార్లు కలవడం ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఆమె రెండేళ్ళు పూర్తిచేసి వచ్చేయడం మూడోది. వచ్చేయమని ఆజ్ఞాపించే హక్కు మీకు లేదు. రమ్మని అడిగే హక్కు పూర్తిగా ఉంది. మీరు ఆజ్ఞాపిస్తే ఆమె రావచ్చు కూడా. ఈ పని బెంగళూరులో దొరికే పని కాదు. ఊరు ప్రమాదమన్న సాకుతో రప్పిస్తే, రేపు మీ వీధిలో డెంగీ వచ్చినప్పుడల్లా ఆ మాట ఇంట్లో లేస్తుంది. 'నాకు నువ్వు ఇక్కడ కావాలి, నేను ఒంటరిగా మొయ్యలేకపోతున్నాను' అని అడిగి, ఆమె తన ఇష్టంతో వస్తే, ఆ రాక వేరుగా ఉంటుంది.

వీటి మధ్య ఇంకో దారుంది, మీ ఇద్దరిలో ఎవరూ దాన్ని ఎత్తినట్టు లేదు. మూడేళ్ళన్నది ప్రాజెక్టువాళ్ళ అంకె. ఆమె ఒక్క ఏడాదికి ఒప్పుకుంటానని అడగొచ్చు. ఇలాంటి పరిశోధనలో కొంత భాగం నదిమీద, కొంత భాగం కంప్యూటర్ ముందు. ఆ రెండో భాగం బెంగళూరు నుంచి చెయ్యనిస్తారేమో అడగొచ్చు. వాళ్ళు ఏడాదికి ఒప్పుకుంటే, మీరు జీతం లేని సెలవు పెట్టి, స్పానిష్ కొంత నేర్చుకుని, మార్చి నుంచి డిసెంబరు దాకా బాబుతో అక్కడ ఉండొచ్చు. ఒక బడి సంవత్సరం. అమ్మగారికి పది నెలలని చెప్పడం వేరు, మూడేళ్ళని చెప్పడం వేరు. డిసెంబరులో మీ ముగ్గురికీ ఆ ఊరు పడిందో లేదో తెలిసిపోతుంది, ఉద్యోగం ఇక్కడ ఇంకా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఏడాదికి వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, లేదా ఒప్పుకుని తరవాత ఆ స్థానం ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ నష్టం మీ భార్యది. దాన్ని భరిస్తానో లేదో ఆమే చెప్పాలి. ఇంకో ఇబ్బంది, ఆ పది నెలల్లో అక్కడ మీకు బాగా నచ్చితే, అమ్మగారికి ఇచ్చిన మాట మీద నిలబడటం కష్టమవుతుంది.

వెళ్ళే ఆలోచన ఏ కొంచెం ఉన్నా కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి, అదే ఎక్కువ కాలం తింటుంది. మీ పెళ్ళి రిజిస్టర్ అయిందా? మనవాళ్ళలో చాలామందికి శుభలేఖ, ఫోటోలు తప్ప ఇంకేమీ ఉండవు. కుటుంబ నివాస అనుమతికి పెళ్ళి సర్టిఫికెట్, బాబు జనన సర్టిఫికెట్ రెండూ విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రతో, అధికారిక స్పానిష్ అనువాదంతో ఇవ్వాలి. రెండింటిలోనూ మీ పేర్లు, ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికే నెలలు పడుతుంది. నెలాఖరు గడువు గురించి మాత్రం కంగారు వద్దు. 'కుటుంబంతో మాట్లాడుతున్నాం, ఇంకో నెల కావాలి' అని ఆమె ఒక మెయిల్ పెడితే చాలు, ఏడాదిగా పనిచేస్తున్న మనిషికి ఆ మాత్రం సమయం ఇవ్వకుండా ఉండరు. అది కూడా ఆ పొద్దున్న కాల్ తరవాతే పెట్టమనండి.